తూకానికి పోతున్న మన చరిత్ర



ప్రతి ఏడాది నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వేదిక ఎక్కిన ప్రతి వక్తా చిరిగిన చొక్కా, మంచి పుస్తకం మాట ఒకటి ఎత్తుతారు. మనం చప్పట్లు కొడతాం. హాస్టల్ పిల్లలమైన మనకు అందులో చొక్కా సంగతి ఎలాగూ అనుభవమే. పుస్తకం సంగతే కష్టం. బస్ పాస్, పరీక్ష ఫీజు, సబ్బులు, నోటుబుక్కులు పోగా మిగిలినదానితో కొత్త పుస్తకం కొనడం మనలో ఎంతమందికి సాధ్యం? అందుకే పాత పుస్తకం మనకు కొత్తేమీ కాదు. సీనియర్ అన్న దగ్గర సగం ధరకు గైడు కొనుక్కున్న రోజు నుంచి ఆ అలవాటు మనకుంది.

అయితే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది సగం ధర గురించి కాదు. మనవాళ్లు రాసినవి, మన గురించి రాసినవి ఎన్నో పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు ఏ లైబ్రరీకీ చేరలేదు. ఎక్కడో ఒక ఇంటి అటక మీద, ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆ ఇంటి పెద్దాయన పోగానే అవి తూకానికి పోతున్నాయి. త్రాసులో పడకముందే వాటిని పట్టుకోవలసిన బాధ్యత మనందరిది, అందులోనూ హాస్టల్ విద్యార్థులది అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

అమెరికాలో ఒక ఇంటి పెద్ద చనిపోయినా, ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినా ఇంట్లోని సామానుకు ధర చీటీలు అంటించి అక్కడే అమ్మకానికి పెడతారట. ఎస్టేట్ సేల్ అంటారు. పనికిరాని సామాను కారు షెడ్డులో పెట్టి అమ్మితే గ్యారేజ్ సేల్. కుర్చీలు, కంచాల మధ్య పుస్తకాలు కూడా ఉంటాయి. అరుదైన పుస్తకాల కోసం తిరిగేవాళ్లు పొద్దున్నే వెళ్లి వెతుక్కుంటారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. మన దగ్గర పెద్దకర్మ అయిన వారం లోపల "పాత పేపర్లు, పాత పుస్తకాలు కొంటాం" అని అరుచుకుంటూ వచ్చే తోపుడు బండి ఆగుతుంది. బీరువా ఖాళీ అవుతుంది. న్యూస్ పేపరుకు ఎంతో పుస్తకానికీ అంతే. అట్ట గట్టిగా ఉంటే ఇంకా తక్కువ. అందులో ఏముందో అమ్మేవాళ్లు చూడరు, కొనేవాడికి చూసే తీరిక ఉండదు.

అక్కడి నుంచి కొన్ని మాత్రమే బతుకుతాయి. చిత్తు కాగితాల గోడౌన్‌లో ఎవరో ఒకరు ఏరి పక్కన పెడితే అవి ఫుట్‌పాత్ మీదికి వస్తాయి. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ వెళ్లినవాళ్లకు ఇది తెలుసు. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందున్న ఫుట్‌పాత్‌ల మీద పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. కోఠీలో మిగతా రోజుల్లోనూ పాత పుస్తకాల దుకాణాలు ఉంటాయి. విజయవాడ వాళ్లకు లెనిన్ సెంటర్ ఉంది. ఢిల్లీలో దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద ఏళ్ల తరబడి సాగిన ఆదివారం సంతను 2019లో అక్కడి నుంచి తీయించి మహిళా హాట్ ఆవరణలోకి మార్చారు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. అంటే ఈ సంతలు కూడా శాశ్వతం కాదు.

ఆబిడ్స్‌లో కాస్త ఓపికగా తిరిగితే ఒక విషయం గమనించవచ్చు. ఒక్కోసారి ఒకే పట్టా మీద పది పుస్తకాలు, పదింటి మొదటి పేజీలోనూ ఒకే చేతిరాతతో ఒకే పేరు కనిపిస్తుంది. కొన్న తేదీ, ఊరు కూడా రాసి ఉంటాయి. ఆయన ఉపాధ్యాయుడో, గుమాస్తానో తెలియదు. జీతంలోంచి ఒక్కొక్కటి కొనుక్కుని, అట్టలు వేసుకుని దాచుకున్నారని మాత్రం తెలుస్తుంది. నలభై ఏళ్ల చదువు నాలుగు గంటల్లో నలుగురి చేతుల్లోకి చెదిరిపోతుంది.

పాత పుస్తకాల దుకాణాల చుట్టూ తిరగడం పేద విద్యార్థికి చిన్నతనం అనుకునేవాళ్లు బాబాసాహెబ్‌ను గుర్తు తెచ్చుకోవాలి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ తీరిక దొరికితే పాత పుస్తకాల దుకాణాలు గాలించేవారు. సుమారు రెండు వేల పాత పుస్తకాలు కొన్నారని ఆయన జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్పారు. 1917లో లండన్ నుంచి తిరిగి వస్తూ వేరే ఓడలో పంపిన సామాను మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం పాలైంది. పుస్తకాలూ పోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి కూడబెట్టారు. తర్వాత బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు పుస్తకాలకు చోటు ఉండాలన్నదే మొదటి ఆలోచన. స్కాలర్‌షిప్పు మీద బతికిన విద్యార్థి చేసిన పని ఇది. మనమూ స్కాలర్‌షిప్పు మీదే చదువుతున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. మన పుస్తకాలే ఎందుకు ఎక్కువగా పోతున్నాయి?

1954లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రచురణకర్త ప్రతి కొత్త పుస్తకాన్నీ సొంత ఖర్చుతో నాలుగు లైబ్రరీలకు పంపాలి. కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ఈ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. పెద్ద ప్రచురణ సంస్థలు పంపుతాయి. కాని చందాలు వేసుకుని, ఊళ్లోని చిన్న ప్రెస్సులో మూడు వందలో ఐదు వందలో కాపీలు వేసుకున్న దళిత సంఘం వాళ్లకు ఆ చట్టం సంగతి ఎవరు చెప్పారు? పోస్టు ఖర్చులు ఎవరిచ్చారు? సభలో పంచిపెట్టారు. తీసుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లారు. గుడిసె కురిస్తే తడిసింది. చెద పట్టింది. మిగిలినది తూకానికి పోయింది. జమీందారు గారి ఆస్థాన కవి పుస్తకానికి బీరువా దొరికింది. మన తాతల కరపత్రానికి చూరు దొరికింది. తేడా అంతే.

అలాగని మనవాళ్లు రాయలేదా అంటే, చాలా రాశారు. 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ గారు 1931లో 'భాగ్యనగర్' అనే పత్రికే నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు, 'జయభేరి' పత్రిక నడిపారు. దేశమంతా తెల్లదొరతనం గురించి మాట్లాడుతున్న రోజుల్లో నల్లదొరల గురించి అడిగిన మనిషి ఆయన. ఇలాంటి పత్రికల సంచికలు వరసగా, పూర్తిగా ఒకచోట చూడాలని వెళ్లిన పరిశోధక విద్యార్థులను అడగండి, ఎన్ని ఊళ్లు తిరిగారో చెబుతారు.

ఒక్క పుస్తకం దక్కితే ఏమవుతుందో కూడా చూద్దాం. పి.ఆర్. వెంకటస్వామి గారు హైదరాబాద్ రాజ్యంలోని దళిత ఉద్యమ చరిత్రను 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' పేరుతో ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసి 1955లో అచ్చు వేయించారు. ఆయన ఉద్యమం లోపల ఉన్న మనిషి. ఎవరు ఏ సభలో ఏం మాట్లాడారు, ఎవరితో ఎవరికి చెడింది, ఎందుకు చెడింది, అన్నీ రాశారు. తర్వాత ఆ పుస్తకం దొరకడం మానేసింది. అయినా కొన్ని కాపీలు ఎవరెవరి దగ్గరో మిగిలాయి కాబట్టి, గెయిల్ ఆమ్వెట్ లాంటివారు నిజాం రాజ్యంలోని దళిత ఉద్యమం గురించి రాసేటప్పుడు దాని మీద ఆధారపడగలిగారు. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చు వేయడానికీ వీలైంది. ఆ కాస్త కాపీలు కూడా పకోడీల పొట్లాలైపోయి ఉంటే? మన తాతలు పోరాడలేదని, ఎవరో దయతలచి మనకు హాస్టళ్లు ఇచ్చారని మనమే నమ్మి ఉండేవాళ్లం. రుజువు లేకపోతే చరిత్ర లేదు. రుజువు కాగితం మీద ఉంటుంది. కాగితం అటక మీద ఉంది.

దీనికి పెద్ద డబ్బు కావాలి, ప్రభుత్వమే చేయాలి అనేవాళ్లున్నారు. ప్రభుత్వం చేయవలసింది ఉంది, కాదనను. కాని హైదరాబాద్‌లోనే అబ్దుస్ సమద్ ఖాన్ గారు సొంత అభిరుచితో దశాబ్దాల పాటు ఉర్దూ పుస్తకాలు, పత్రికలు కూడబెట్టారు. తర్వాత చికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఆ సేకరణ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరి పరిశోధన గ్రంథాలయమైంది. మొదట ఒక మనిషి కూడబెట్టాడు, సంస్థలు తర్వాత వచ్చాయి.

ఇంకొందరు మిత్రులు, "ఇప్పుడు అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా, ఫోన్‌లో దొరకనిది ఏముంది?" అంటారు. నిజమే, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు స్కాన్ చేయించారు. అది గొప్ప పని. కాని వాళ్లు లైబ్రరీల్లో ఉన్నవి స్కాన్ చేశారు. లైబ్రరీ గడప తొక్కనిది స్కానర్ కిందికి ఎలా వస్తుంది? మనవాళ్లను ఒకప్పుడు బడి బయట నిలబెట్టినట్టే మన పుస్తకాలూ బయటే నిలబడి ఉన్నాయి. వాటిని లోపలికి తీసుకువెళ్లే పని మిగిలే ఉంది.

మరి ఏది అరుదైనదో గుర్తుపట్టేదెలా? పాతదంతా అరుదు కాదు. జాషువా గారి 'గబ్బిలం' ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతుంది, 1941 నాటి మొదటి ముద్రణ దొరకడమే కష్టం. పాత డిటెక్టివ్ నవల కన్నా, ఎవరూ పట్టించుకోని పదహారు పేజీల సంఘం నివేదిక అరుదు కావచ్చు. సంవత్సరం అచ్చు వేయకపోయినా కొన్ని గుర్తులను బట్టి కాలం లెక్క కట్టవచ్చు.

ధర అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది అయి ఉంటుంది, ఎందుకంటే ఆ నెల ఒకటో తేదీనే దశాంశ నాణేలు వచ్చాయి. నయాపైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. హాలీ సిక్కాల్లో ధర ఉంటే నిజాం రాజ్యంలో అమ్మినది. చిరునామాలో మద్రాసు రాష్ట్రం అని కాక ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరు తర్వాతది, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరు తర్వాతది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదే. లోపల అరసున్నలు, బండి ఱలు నిండుగా ఉంటే పాతకాలపు రాత. పేజీ వెనక వేలితో తడిమితే అక్షరాలు గుచ్చుకున్నట్టు తగిలితే సీసపు అక్షరాలు కూర్చి అచ్చు వేసినది. మొదటి పేజీ వెనక వైపు తప్పక చూడాలి. ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఏ ప్రెస్సు, ఏ ఊరు అనేవి అక్కడే ఉంటాయి. కొన్నిటి మీద ప్రభవ, విభవ లాంటి తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి మిగతా గుర్తులతో సరిచూసుకోవాలి.

దొరికినదాన్ని కాపాడడం కూడా తెలియాలి. కట్టె గుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. అందుకే అది పసుపెక్కి, పెళుసై, మడిస్తే విరుగుతుంది. ప్రేమకొద్దీ సెల్లో టేపు అంటించవద్దు, కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలు వద్దు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసి దారంతో కట్టాలి. ఎండ తగలకుండా, తేమ లేకుండా, గోడకు ఆనించకుండా పెట్టాలి. బాగా ఎండిన వేపాకు మన అమ్మమ్మలు బియ్యంలో వేసినట్టే ఇక్కడా వేయవచ్చు.

ధర గురించి కూడా ఒక మాట. అరుదైన పుస్తకం చవగ్గా కొట్టేశామని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తుంటాం. ఫుట్‌పాత్ మీద ఎండలో కూర్చున్న అన్న కూడా మనలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే. గోడౌన్‌లో దుమ్ము పీల్చి ఆ పుస్తకాన్ని గుజ్జు మిల్లు నుంచి తప్పించినది ముందుగా ఆయనే. ఆయన చెప్పిన యాభైకి ముప్పై అని గీచి గీచి బేరమాడడం నాకు నచ్చదు. కొని లాభానికి అమ్ముకోవడం కోసమైతే ఈ వ్యాసం చదవనక్కర్లేదు. అలాగే పుస్తకం మీద ఏదైనా లైబ్రరీ ముద్ర ఉండి, రద్దు చేసినట్టు ముద్ర లేకపోతే అది దారి తప్పి వచ్చిందేమో అని అనుమానించాలి. కొన్నాసరే, ఆ లైబ్రరీకి తిరిగి ఇవ్వడం ధర్మం.

ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర తీసుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పుస్తకం పట్టుకుపోయి తిరిగి ఇవ్వనివాళ్ల వల్ల పెద్దలు నమ్మకం పోగొట్టుకుని పెట్టెకు తాళం వేసుకున్నారు. "తాతా, మీ దగ్గరే ఉంచండి, నేను ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటాను" అని అడిగితే ఎవరూ కాదనరు. పుస్తకం గురించి ఆయన చెప్పే కబురు కూడా రాసుకోవాలి. ఎవరు రాశారు, ఎందుకు వేశారు, డబ్బులు ఎవరిచ్చారు అన్నది పుస్తకంలో ఉండదు, ఆయన దగ్గరే ఉంటుంది.

అందుకే నా సూచనలు కొన్ని వార్డెన్ గారి ముందు, విద్యార్థి కమిటీ ముందు, మీ అందరి ముందు పెడుతున్నాను.

ఒకటి. సంక్రాంతికి, దసరాకు, వేసవి సెలవులకు ఊరు వెళ్లే ప్రతి విద్యార్థి తన వాడలో ముగ్గురిని అడగాలి. రిటైరైన పంతులు గారిని, చర్చి పాస్టరు గారిని, పాటలు కట్టిన కళాకారుడినో సంఘం పెద్దనో. పాత పుస్తకాలు, మహాసభల సావనీర్లు, పాటల పుస్తకాలు, రాత్రి బడి వాచకాలు, కరపత్రాలు ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకు రావాలి. ముఖ్యంగా ఎవరి ఇంట్లోనైనా పెద్దాయన పోతే, బండి రాకముందే వెళ్లి, "పుస్తకాలు అమ్మకండమ్మా, ఒకసారి చూడనివ్వండి" అని చెప్పాలి.

రెండు. హాస్టల్లో తాళం వేసే ఒక బీరువా, ఒక రిజిస్టరు కావాలి. ఎవరు ఇచ్చారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నవి అందులో ఉండాలి. ఇచ్చినవారి పేరు ఉంటే రేపు ఇంకొకరు ఇస్తారు.

మూడు. రచయిత చనిపోయాక అరవై ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. అది తీరినవాటిని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. తీరనివాటిని జాగ్రత్తగా దాచి, కుటుంబం అనుమతి అడగాలి.

నాలుగు. ఈ సంచికతోనే మొదలుపెట్టాలి. వార్షికోత్సవం రోజు అందరి చేతుల్లోనూ మ్యాగజైన్ ఉంటుంది. పరీక్షలయ్యాక గదులు ఖాళీ చేసే రోజున గైడ్లతో పాటు అదీ బండెక్కుతుంది. మనకు ముందు ఈ గదుల్లో ఉండి చదువుకున్న అన్నలు ఏం రాసుకున్నారు, ఏ మెస్ మీద కవిత కట్టారు, దేని కోసం ధర్నా చేశారు అని తెలుసుకుందామంటే పాత సంచికలేవి? ఈసారి అచ్చైన కాపీల్లో రెండు బీరువాలో, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉండాలి. దీనికి ఎవరి అనుమతీ, బడ్జెట్టూ అక్కర్లేదు.

మనలో చాలామంది ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి తరం. మన ఇళ్లలో పుస్తకాల బీరువాలు లేవు కాబట్టి అరుదైన పుస్తకాల సంగతి మనది కాదనుకుంటాం. కాని మన కోసం రాసినవాళ్లు బీరువాలు లేని ఇళ్లలోనే కూర్చుని రాశారు. వాళ్ల కాగితాలు వెతకడానికి ఆ ఇళ్లకు దారి తెలిసింది మనకే. ఆ దారిన మనం వెళ్లకపోతే తోపుడు బండి వెళుతుంది. ఈ సెలవులకే బయలుదేరండి.

జై భీమ్.